దువ్వెన పడిపోయిన చోటు

అమ్మ చేతిలోని దువ్వెన నా జుట్టులో పడిపోయి చాలాసేపయింది. అడుగు తాకిన చప్పుడు ఇంకా వినబడలేదు.

రేపు మేనత్త సుగుణ కూతురి పెళ్లి. ఫోటోల్లో నేను ఇంటి పిల్లలా కనబడాలని, సాయంత్రం పార్లర్‌లో నా ఉంగరాల జుట్టు సాపు చేయించడానికి అత్త మాట్లాడి పెట్టింది. వద్దని చెప్పాను. అమ్మ అవుననలేదు, కాదనలేదు. ముందు చిక్కు తీద్దామంది.

నన్ను నెలల పిల్లగా శిశుగృహం నుంచి తెచ్చుకున్నారు. కన్నతండ్రి ఆఫ్రికా నుంచి చదువుకోవడానికి వచ్చినవాడట. అంతకు మించి ఎవరికీ తెలియదు. ప్రతి పేరంటంలోనూ "ఈ పిల్లది ఎవరి పోలిక?" అని అడుగుతారు. ఊహ తెలిసినప్పటి నుంచి నవ్వి ఊరుకుంటున్నాను. నవ్వడానికి కూడా ఓపిక కావాలి. అదిప్పుడు నా దగ్గర లేదు.

సుగుణత్త నా జుట్టులో మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతుకుతుంది. తెనాలి బస్సులో ఎవరో అడిగిన "మీది ఏ దేశం?" బయటికొస్తుంది, నూనె ఓడుతూ. అత్త దాన్ని గుమ్మం బయట పారేస్తుంది.

"లోపల ఇట్టాంటివి ఇంకా చాలా ఉన్నయి వదినా. నావల్ల కాదు."

"ఉండు, నే చూసొస్తా," అంటుంది అమ్మ. కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నా పాపిట దగ్గర లోపలికి దిగిపోతుంది. బరువేమీ అనిపించదు. భయం మాత్రం వేస్తుంది. దువ్వెన దొరికితే పార్లర్‌కి వెళ్లాలి. దొరక్కపోతే అమ్మ రాదేమో.

కాసేపటికి లోపలి నుంచి గొంతు వినబడుతుంది.

"ఆమనీ, ఇక్కడ అందరి జుట్టూ నీలాగే ఉందే. నన్నే వింతగా చూస్తన్నారు. నీకు రోజూ ఇట్టానే ఉంటదా?"

"రోజూ ఇంతేనమ్మా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చిక్కు తీస్తున్నావుగా."

నేను కుర్చీలోంచి లేచి, తల వంచి, నా జుట్టులోకి నేనే అడుగు పెడతాను.

లోపల వాన వెలిసినట్టుంది. అమ్మ రాతి మీద కూర్చుని ఉంది. ఒక ముసలావిడ ఆమె జడ విప్పి సన్నటి పాయలుగా అల్లుతోంది. ముసలావిడ చెవులు నా చెవులే. నన్ను చూసి, అమ్మ వైపు గడ్డం ఎగరేస్తుంది.

"ఈవిడది ఎవరి పోలిక?"

ఏ భాషో తెలియదు. అర్థమవుతుంది.

"నా పోలికే," అంటాను.

ముసలావిడ సరేనని ఇంకో పాయ అందుకుంటుంది.

ఆకాశంలోంచి సుగుణత్త చెయ్యి, గాజులతో సహా, మోచేతి దాకా దిగి దువ్వెన కోసం తడుముతుంది. అమ్మ తన పక్కనే ఉన్న దువ్వెనను చీర కిందికి నెట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చుంటుంది.