పూలపళ్ళెం పట్టే మొహం

మా ఇంట్లో రోజూ పొద్దున్నే ఐదు మొహాలకి థనకా తీసేది నేను. మా బర్మాలో ఆడా మగా మొహానికి గంధంలా రాసుకునే చెక్క అది. గుండ్రటి రాయి మీద నాలుగు చుక్కల నీళ్ళు చల్లి చెక్కముక్కని బెరడు వైపు నుంచి అరగదీస్తూ కూర్చుంటే, పసుప్పచ్చటి ముద్ద రాయి చుట్టూ ఉన్న గాడిలోకి జారుతుంది. మా అత్తగారికి చిక్కగా ఉండాలి. మా ఆయనకి మెడ మీద చెమటకాయలకి పల్చగా ఉండాలి. మా ఆడపడుచుకి ముందే తీసిపెడితే వాసన పోతుందట, ఆవిడ స్నానం చేసి వచ్చాకే తియ్యాలి. మా అమ్మాయి మేతూకి రెండు బుగ్గల మీదా గుండ్రంగా దిద్దాలి. ఐదో మొహం నాది. రాయి కడిగేముందు అడుగున మిగిలిన దాన్ని మెత్తుకుని పొయ్యి దగ్గరికి పరిగెత్తడమే. పదిహేడేళ్ళుగా ఇదే వరస. కుడి మణికట్టు దగ్గర ఎముక కాస్త పైకి లేచింది కూడా. ఒకసారి నొప్పి అంటే, "కూర్చుని చేసే పనేగా ఓన్మా" అన్నారు మా ఆయన. ఆయన ఆఫీసులో కూర్చుని చేస్తే ఉద్యోగం. నేను కూర్చుని చేస్తే విశ్రాంతి.

నాది ఎండు చర్మం. మాండలే ఎండలకి అసలే బిగుసుకుపోతుంది, దానిమీద మొటిమలు. ఎండు చర్మానికి మొటిమలేంటని అడగకండి, ఆ ప్రశ్న నన్ను అడగనివాళ్ళు ఈ వీధిలో లేరు. మా అత్తగారు డా మ్యా సేన్ (మా వైపు పెద్దావిడల పేరుకి ముందు 'డా' చేరుస్తాం) పెళ్ళిచూపుల్లో నన్ను చూసి అన్న మొదటి మాట, "పిల్ల మంచిదే, మొహం కడుక్కోదనుకుంటా." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ వైద్యం ఒకటే. మొటిమ అంటే జిడ్డు, జిడ్డుని ఎండగడితే మొటిమ ఎండుతుంది. అందుకని చింతపండుతో రుద్దించింది, నిమ్మరసం రాయించింది, థనకా దట్టంగా మెత్తి పగుళ్ళిచ్చేదాకా సాయంత్రం వరకూ ఉంచమంది. అది పగిలినప్పుడల్లా కింద నా చర్మం కూడా పొరలు పొరలుగా లేచేది, నవ్వితే మంట, ఏడిస్తే మంట. ఆ పొరలు కనబడకుండా మర్నాడు ఇంకా దట్టంగా మెత్తుకునేదాన్ని. నేను పనిచేసే పట్టుబట్టల కొట్టులో మూడేళ్ళు ముందు గదిలో ఉన్నాను. ఒకరోజు యజమానురాలు చాలా మెత్తగా చెప్పింది. "కొనేవాళ్ళ కళ్ళు ముందు నీ మొహం మీద పడతాయమ్మాయ్, ఆ తర్వాతే పట్టు మీద పడతాయి. నువ్వు లోపల మడతలు పెట్టు." ఆరోజు నుంచీ లోపలే ఉన్నాను. ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "పోనీలే, లోపల ఫ్యాను ఉంటుందిగా" అన్నారు.

ఇదంతా నా మొహం గొడవ, నేను పడ్డాను. మా మేతూ జోలికి వచ్చినప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండింది. కానీ వెంటనే మండలేదు. ఆ సంగతి కూడా చెప్పాలి, దాచుకోను.

ఈ ఎండాకాలం సెలవుల్లో మా ఆడపడుచు కొడుకు తీహాకి కాషాయం కట్టించే పండగ పెట్టుకున్నారు. పొద్దున పిల్లాడికి రాజకుమారుడి వేషం వేసి గుర్రం మీద ఊరేగిస్తారు, తర్వాత గుండు గీయించి, కొన్నాళ్ళు బాల సన్యాసిగా ఉండటానికి మఠంలో దింపుతారు. గుర్రం ముందు ఆడపిల్లలు రెండు వరసల్లో పట్టు కట్టుకుని పూలపళ్ళేలు పట్టుకుని నడుస్తారు. చూడచక్కని పిల్లల్నే ఏరుతారు. మా మేతూ ఆరేళ్ళప్పటి నుంచీ వంటింట్లో ఇత్తడి పళ్ళెం భుజం దగ్గర పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ "అమ్మా, వంగుతున్నానా, నిటారుగా ఉన్నానా?" అని అడిగేది. ఇప్పుడు దానికి పద్నాలుగు. సొంత మేనత్త కొడుకు పండగ. ముందు వరసలో కుడివైపు చోటు దానిదే అన్నారు. సరిగ్గా అప్పుడే దాని గడ్డం మీదా బుగ్గల మీదా మొటిమలు లేచాయి. చర్మం నా పోలికే.

"ఇదేం ఖర్మే, తల్లి మొహం ఊడిపడింది దీనికి!" అన్నారు మా అత్తగారు గడ్డం పట్టుకుని వెలుతురుకి తిప్పి చూసి. "ఇంకా మూడు వారాలుంది. ఓన్మా, నిమ్మకాయ కొయ్యి."

కోశాను. నేనే కోశాను. పిల్ల తల నా ఒళ్ళో పెట్టుకుని కదలకుండా పట్టుకున్నది కూడా నేనే. మా అత్తగారు నిమ్మచెక్కతో బుగ్గలు రుద్దుతుంటే "అమ్మా మంట, అమ్మా మంట" అని మేతూ కాళ్ళు కొట్టుకుంది. "మండితేనే మందు" అన్నారావిడ. మూడోరోజు టూత్‌పేస్టు. ఐదోరోజు చింతపండు. రోజూ పైన చిక్కటి థనకా, నా చేత్తో తీసింది. వారం తిరిగేసరికి మొటిమలు అలాగే ఉన్నాయి, వాటి చుట్టూ చర్మం ఎర్రగా కమిలి పొలుసులు లేచింది. మా ఆయన అన్నం ముందు కూర్చుని పిల్ల వైపు చూసి, "తెల్లబడే క్రీము ఒకటి కొని పడేస్తా, గోల వదుల్తుంది" అన్నారు. మేతూ కంచం వదిలేసి లేచిపోయింది.

అదే అన్నాల దగ్గర తీహా కూడా ఉన్నాడు. వాడికీ పద్నాలుగే. నుదుటి నిండా మొటిమలే, ఒక్కోటి శనగగింజంత. వాడిని చూసి మా అత్తగారు మురిసిపోతూ "వయసొచ్చేస్తోంది వెధవకి!" అని నెత్తి నిమిరారు. నేను నిమ్మకాయ కోసిన చేత్తోనే వాడికి కూర వడ్డించాను. వాడికి వయసొచ్చింది, నా కూతురికి ఖర్మ వచ్చిందా? అప్పుడు మండింది నాకు. ఆలస్యంగానే, కానీ బాగా మండింది.

వారానికోసారి బియ్యానికి వచ్చే సన్యాసిని ఒకావిడ ఉంది, డా విమలా. గులాబీరంగు బట్టలు, గుండు, ఎండకి నెత్తిన మడతపెట్టిన తుండు. మగ సన్యాసులొస్తే మా అత్తగారు వండిన అన్నం పట్టుకుని చెప్పులు విడిచి ఎదురెళ్తారు. ఈవిడొస్తే "ఓన్మా, బియ్యం పొయ్యి" అని లోపల్నుంచే కేకేస్తారు. మర్నాడు ఆవిడ వచ్చేసరికి గుమ్మంలో మేతూ కూర్చుని ఉంది.

"ఎవరు కాల్చారే నిన్ను?" అంది డా విమలా.

"కాల్చలేదమ్మగారూ, మొటిమలకి మందు వేశాం" అన్నాను నేను.

ఆవిడ బియ్యపు గిన్నె కింద పెట్టి, చేతి వెనకవైపుతో పిల్ల బుగ్గ తాకింది. "దీంట్లో తడే లేదు కదే, ఇంకా ఏం ఎండబెడుతున్నారు? అప్పడమా?" మేతూ వారం రోజుల తర్వాత నవ్వింది. నవ్వి "అబ్బా" అని బుగ్గ పట్టుకుంది. తర్వాత ఆవిడ అదే చేత్తో నా బుగ్గ కూడా తాకింది. "నీదీ ఇంతే. ఎన్నాళ్ళ నుంచి?"

ఎన్నాళ్ళ నుంచి అని నన్నెవరూ అడగలేదు. నా మొహం గురించి మాట్లాడినవాళ్ళు వందమంది ఉంటారు, ముట్టుకుని చూసినవాళ్ళు ఎవరూ లేరు, నా మొగుడితో సహా. నాకు ఏడుపొచ్చింది, కన్నీళ్ళు థనకా మీదుగా కారాయి. ఆవిడ చూడనట్టే మాట్లాడింది. "ముందు అన్నీ ఆపండి. నిమ్మకాయ పప్పులో పిండుకోండి. థనకా మంచిదే, కాదనను, కానీ ఆరిపోయేదాకా ఉంచితే ఇలాంటి చర్మంలో తడి పీల్చేస్తుంది. మొహం గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, పాత నూలు లుంగీ ముక్కతో అద్దాలి, రుద్దకూడదు. మా మఠంలో పెయింటు డబ్బాల్లో కలబంద ఉంది, ఓ మొక్క తెచ్చిస్తా. కోశాక పచ్చటి జిగురు కారిపోనిచ్చి, కడిగి, లోపలి గుజ్జే తియ్యి. ముందు చెవి వెనక రాసి ఒక రోజు చూడు. దురద లేకపోతే అప్పుడు మొహానికి, తడి మీదే, పల్చగా. ఎండలోకెళ్తే వెదురు టోపీ పెట్టుకోమను."

"మొటిమలు పోతాయా అమ్మగారూ?" అంది మేతూ.

"ఏమో. మంట పోతుంది. మొటిమలు వాటికి బుద్ధి పుట్టినప్పుడు పోతాయి. ఊరికే గిల్లకు. బాగా చీము పడితే గిల్లకుండా ఆస్పత్రికి వెళ్ళు. నన్ను చూడు, అద్దం లేదు, పౌడరు లేదు. నా మొహానికేం తక్కువ?"

లోపల్నుంచి అంతా వింటున్న మా అత్తగారు ఆవిడ గేటు దాటకముందే అందుకున్నారు. "గుండు చేయించుకున్నదానికి అందం సంగతులెందుకో! ఊరికే దొరికే ఆకుతో మొహాలు బాగుపడితే బజారులో ఇన్ని కొట్లెందుకు?"

ఆ సాయంత్రమే పిల్ల మొహం కడిగించాను. రోజూ దిండు గలీబు ఉతికి ఆరేశాను. బియ్యం కడుగు కాస్త పల్చన చేసి చల్లగా ఉంచి, మంటెక్కినప్పుడు గుడ్డతో అద్దాను. డా విమలా కలబంద మొక్క తెచ్చిచ్చాక గుజ్జు పిల్ల చెవి వెనక రాసి మర్నాటిదాకా ఆగాను. ఆ ఒక్క రోజు ఆగడం మా ఇంట్లో పెద్ద యుద్ధమైంది. "పండగ దగ్గర పడుతుంటే చెవికి రాస్తుందేంటి దీని తెలివి!" అని అత్తగారూ, "అమ్మ చెప్పేది మన మంచికేగా" అని మా ఆయనా. నేను వినలేదు. నా మొహానికి మాత్రం రాసుకోలేదు. థనకా తియ్యడం, అడుగున మిగిలింది మెత్తుకుని పరిగెత్తడం, అవి అలాగే సాగాయి. కూతురికి వద్దన్నది నాకెందుకు వద్దు కాలేదో అప్పుడు తోచలేదు.

పండగనాటికి మేతూ పొలుసులు రాలిపోయాయి. ఎరుపు తగ్గింది. ముద్ద నములుతుంటే, నవ్వుతుంటే మొహం మండటం లేదు. మొటిమలు మాత్రం ఐదారు మిగిలాయి, గడ్డం మీద ఒకటి కొత్తగా కూడా వచ్చింది. డా విమలా చెప్పినట్టే వాటికింకా బుద్ధి పుట్టలేదు.

పండగ రోజు పొద్దున్నే పెరడంతా జనం. పూలపళ్ళేలు పట్టే పిల్లలు పదహారు మంది పట్టు కట్టుకుని వరసగా కూర్చున్నారు, వాళ్ళ బుగ్గలకి దిద్దడానికి నేను రాయి ముందు కూర్చున్నాను. ఒక మూల వేషం వేసే అతను తీహా నుదుటికి రంగు వేస్తూ "ఏం కుర్రాడివోయ్, గుర్రమే భయపడేలా ఉన్నావు" అంటే అందరూ పగలబడి నవ్వుతున్నారు. మేతూ ఆకుపచ్చ పట్టు కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని, పళ్ళెం కోసం వచ్చి నిలబడింది.

మా అత్తగారు దాన్ని కిందనించి పైకి చూశారు. "పళ్ళెం ఎదురింటి పిల్లకిచ్చేశాను. వీడియో తీస్తున్నారు, ముందు వరసలో ఆ మొహం బావుండదు. నువ్వెళ్ళి మీ అమ్మ పక్కన కూర్చుని థనకా అరగదియ్యి. పదహారు మొహాలు, దాని ఒక్కదాని చెయ్యి చాలదు."

మేతూ మా ఆయన వైపు చూసింది. ఆయన చొక్కా గుండీ పెట్టుకుంటూ, "ఒక్కపూటేగా తల్లీ, సర్దుకో. వీడియో అంటే జీవితాంతం ఉండిపోతుంది మరి" అన్నారు. పిల్ల పట్టు నలగకుండా పైకి లాక్కుని నా పక్కన కూర్చుని, ఒక చెక్కముక్క అందుకుంది. ఎలా అరగదియ్యాలో దానికి ఎవరూ చెప్పక్కర్లేదు. పుట్టినప్పటి నుంచీ నన్ను చూస్తోంది.

దాని మణికట్టు తిరగడం చూశాను. అచ్చం నాలాగే, ఎడమ చెయ్యి రాయి అంచు మీద, కుడి చెయ్యి గుండ్రంగా. దాని చేతిలో చెక్క లాక్కున్నాను. గాడిలో ఉన్న ముద్దంతా చెంబుడు నీళ్ళు పోసి కడిగేశాను. రాయి ఎత్తి గోడకి ఆనించి పెట్టాను.

"ఏయ్, ఓన్మా! ఇంకా తొమ్మిది మంది ఉన్నారు" అన్నారు అత్తగారు.

"చెక్క ఇదిగో అత్తయ్యా. రాయి అక్కడుంది. కావలసినవాళ్ళు తీసుకుంటారు."

"మతిపోయిందా నీకు? ఈవేళ పెట్టుకోవాల్సిన గొడవా ఇది?"

"ఈవేళ్టిది కాదు. మేతూ, పళ్ళెం పట్టుకోవాలని ఉందా నీకు?"

అది నా మొహంలోకీ, వాళ్ళ నానమ్మ మొహంలోకీ చూసింది. "ఉంది. కానీ అందరూ చూస్తారమ్మా."

"చూస్తారు. చూడ్డానికేగా ఊరేగింపు."

మా ఆయన దగ్గరకొచ్చి గొంతు తగ్గించారు. "నలుగురిలో పరువు తియ్యకు." పరువు అంతా ఆడపిల్ల గడ్డం మీద ఉందని నాకు తెలీదండీ అన్నాను, నేను గొంతు తగ్గించలేదు. ఎదురింటి పిల్ల తనంతట తానే పళ్ళెం తెచ్చి మేతూ చేతిలో పెట్టి రెండో వరసలోకి జరిగింది. ఆ పిల్ల పేరు ఇక్కడ రాయాలనుంది కానీ వాళ్ళమ్మ తిడుతుంది.

నేను నూతి దగ్గరికెళ్ళి మొహం కడుక్కున్నాను. నిన్నటిదీ, మొన్నటిదీ, చెవుల దగ్గర ఎప్పటినుంచో పేరుకున్నదీ వదిలేదాకా కడిగి, పాత లుంగీ ముక్కతో అద్దుకున్నాను. గాలి తగిలితే బుగ్గలు కొత్తగా అనిపించాయి. వచ్చి గుర్రం ముందు, మా అమ్మాయి పక్కన నిలబడ్డాను. బాజాలు మొదలయ్యాయి. వీడియో అతను మమ్మల్ని తప్పించడానికి కెమెరా అటు తిప్పాడు, సందు ఇరుకు, తప్పించలేక మళ్ళీ మా మీదికే తిప్పాడు. మేతూ నిటారుగా నడుస్తోంది, పళ్ళెం భుజం దగ్గర కొంచెం కూడా వంగలేదు. సందు మలుపు తిరిగాక నా వైపు చూసి, నడక ఆపకుండానే కళ్ళు పెద్దవి చేసింది.

"అమ్మా, నీకు బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందా?"

పద్నాలుగేళ్ళు నా ఒళ్ళో పెరిగిన పిల్ల.

"ఉంది" అన్నాను. నాకూ అప్పుడే గుర్తొచ్చింది.