ఇంట్లో చదువు చెప్పినవారు

ఆరిన బట్టలు మంచం మీద పోసుకుని మేజోళ్ళకు జతలు వెతుకుతున్నాను. హాల్లో మా ఆయన ఫోనులో ఎవరితోనో అంటున్నాడు: "పాపకి చదువు ఎవరూ నేర్పలేదండీ, దానంతట అదే వచ్చేసింది. మా వైపు రక్తం అలాంటిది."

పాపకి నాలుగేళ్ళ రెండు నెలలు. రెండు, నాలుగు, ఆరు అని లెక్కపెట్టడం ఈ మేజోళ్ళ గుట్ట దగ్గరే నేర్చుకుంది. అక్షరాలు సబ్బుపొడి పెట్టె మీద, మాటలు కరెంటు బిల్లు వెనక, తీసివేతలు గిన్నెలో తరిగిపోతున్న బఠాణీ గింజలతో. నేను లెక్కల్లో డిగ్రీ చేశాను, మొదటి శ్రేణిలో. ఆ సంగతి వీళ్ళ నోట చివరిసారి వినిపించింది పెళ్ళిచూపుల రోజున. పాపా నేనూ బఠాణీలు ముందేసుకుని కూర్చుంటే అత్తగారు, "అరగంట పనికి రెండు గంటలు. పంతులమ్మ వేషాలు పొయ్యి ఆపాక వెయ్యకూడదూ" అనేవారు. ఆయనైతే, "పిల్లని కోతిలా ఆడించకు, జనం నవ్వుతారు" అనేవాడు.

చురుకైన పిల్లలకు పరీక్ష పెట్టి, ఏడాది ముందే ఒకటో తరగతిలో చేర్చుకుంటామని బడివాళ్ళు ప్రకటించారు. ఫారం తెచ్చింది నేను. అది పది రోజులు పాత పేపర్ల కింద పడి ఉంది. ఆఫీసులో ఆయన పై అధికారి మనవడికి అదే పరీక్షలో సీటు రాలేదని తెలిసిన రోజు, ఇంటికి వస్తూనే చెప్పులైనా విప్పకుండా ఫారం ఎక్కడని అడిగాడు.

నేను టీ పెట్టి తెచ్చేసరికి నింపడం అయిపోయింది. కప్పు పెట్టబోతూ చూశాను. 'ఇంట్లో చదువు చెప్పినవారు' అన్నచోట 'తండ్రి' అని ఉంది. తల్లి చదువు అన్న గడి ఖాళీ.

"నా డిగ్రీ రాయలేదేం?"

"రాస్తే, ఇంత చదువుకుని ఏం చేస్తోందని అడుగుతారు. నీకే చిన్నతనం. టీలో చక్కెర తక్కువైంది."

చక్కెర వేసి తెచ్చాను.

పరీక్ష రోజు ప్రిన్సిపాల్ మేడమ్ గదిలో పాప పుస్తకం గడగడా చదివింది. లెక్క అడిగేసరికి ఆగిపోయి, చొక్కా చేతులు వేళ్ళ మీదికి లాక్కుంది. "చెప్పమ్మా, చెప్పు. ఇంట్లో చెప్తావుగా. చెప్పవే" అని ఆయన వెంటపడ్డాడు. పాప గడ్డం ఇంకా కిందికి దిగింది. ఏడాదంతా నేను నేర్పింది ఈ ఒక్క సీటు కోసమే. అది చేజారితే పాప మళ్ళీ ఏడాదిపాటు చిన్నపిల్లల క్లాసులో రంగుపూసల డబ్బా ముందు కూర్చోవాలి.

"మేడమ్, ఒక్క నిమిషం ఏమీ అడక్కండి" అని, బ్యాగు తెరిచి అందులో ఏదో వెతుకుతున్నట్టు కూర్చున్నాను. ఎవరూ తనకేసి చూడకపోతే పాప జవాబు చెప్తుంది, అంతే. కాసేపటికి, "పదిహేడు" అంది పాప, గోడకేసి చూస్తూ. మేడమ్ పాపని చూడలేదు, నన్ను చూసింది. తర్వాత ఫారం చూసింది.

సీటు ఇస్తున్నామని చెప్పి, "ఒక షరతుంది" అంది. "ఇంత చిన్నపిల్లలు కొత్తచోట బెదిరిపోతారు. మూడు నెలలపాటు రోజూ పదిన్నర దాకా, ఇంట్లో చదువు చెప్పినవారు క్లాసులో పక్కన కూర్చోవాలి."

"మా ఆవిడ వస్తుందండీ. ఇంట్లోనే కదా ఉండేది."

"ఫారంలో మీరని ఉంది."

"అదా... ఏదో తొందరలో రాసేశాను."

"పర్లేదు. 'నేను నేర్పలేదు, తల్లి నేర్పింది' అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టండి. మార్చేస్తాను." తెల్లకాగితం, కలం ఆయన ముందుకు జరిపింది.

ఆయన నాకేసి చూశాడు. ఏడేళ్ళుగా నాకు తెలిసిన చూపు అది. తాళాలు కనబడకపోయినా, బొత్తాం ఊడినా ఆ చూపే. దానికి నేను లేవాలి. లేవలేదు.

"చెప్పవేం?" అన్నాడు గొంతు తగ్గించి.

"నేనేం చెప్తానండీ. రాసింది మీరు."

నా గొంతు నాకే ముద్దొచ్చింది. అబద్ధమెందుకు, కడుపు చల్లబడింది. ఆ కలం మూత తీస్తాడా లేదా అని, పాప నోటినుంచి జవాబు కోసం ఎదురుచూసినదానికంటే ఎక్కువగా ఎదురుచూశాను. తీశాడు. కాగితం మీద ఆనించాడు. మళ్ళీ మూత పెట్టేశాడు.

"సెలవు పెట్టుకుని నేనే వస్తాను మేడమ్."

నేను పురుడు పోసుకున్న రోజు ఒక్క పూట సెలవు దొరకని మనిషి. ఆ ఒక్క వాక్యం కంటే మూడు నెలలు తేలికనిపించాయి ఆయనకు.

ఇంటికొచ్చాక అత్తగారు విరుచుకుపడ్డారు. "మగాడు పోయి పిల్లల బల్ల మీద కూర్చోవడమేంటి? చూస్తూ ఊరుకున్నావా?"

"నేర్పింది మీ అబ్బాయేనట అత్తయ్యా. తనే రాసిచ్చాడు. నేనెలా కాదంటాను?"

బడి తెరిచిన రోజు ఆఫీసు చొక్కాతో, మోకాళ్ళ మీద వంగి పాప బూట్ల తాళ్ళతో కుస్తీ పడుతున్నాడు. "ఇంతకీ దీనికి చదువు ఎక్కడ మొదలుపెట్టాలి?" అన్నాడు, నావైపు చూడకుండా. నేను నీళ్ళ సీసాకి మూత బిగిస్తున్నాను. బిగిస్తూనే ఉన్నాను.

పాప నా చీర కొంగు పట్టుకుని లాగింది. "అమ్మా, నాన్నకి చదువు చెప్పడం వచ్చా?"

అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. అందుకని కొంచెం గట్టిగానే చెప్పాను.

"రాదమ్మా. నువ్వే నేర్పు. ఒక్కసారికి అర్థం కాకపోతే తిట్టకు, మళ్ళీ చెప్పు."