గులాబీ గీత

మెర్విన్ రాత్రి వేట గుడిసెలో తన తుపాకిని పొయ్యి పక్కన నిలబెట్టుకుని పడుకున్నాడని తెల్లారి లేచాక గానీ లెటాకు తెలియలేదు. తెలిసిన క్షణం నుంచీ ఆమెకు కాఫీ సహించలేదు.

“వరండాలో మూడు కొయ్యలున్నాయి కదా అన్నయ్యా. నీదొకటి, నాదొకటి, కర్ట్‌దొకటి. చలిలో తిరిగే తుపాకి రాత్రి కూడా చలిలోనే ఉండాలని నాన్న ఎన్నిసార్లు చెప్పాడు? వెచ్చటి గదిలోకి తెస్తే గొట్టానికి చెమట పడుతుంది. చెమటపట్టిన గొట్టంలో మందు పోస్తే ముద్దవుతుంది.”

“ఆఁ?” అన్నాడు మెర్విన్.

“చెమట! తుపాకికి చెమట!”

“నువ్వు అరవకే. బాగానే తుడిచాలే,” అని అతను పెనం మీద వేగుతున్న స్క్రాపుల్ అనే పందిమాంసం ముక్కను తిరగేసి, దాని మీద సిరప్ పోసుకున్నాడు.

మెర్విన్‌కు డెబ్బై ఒకటి. అరవై ఏళ్ళుగా చెవి పక్కన తుపాకులు పేల్చుకుని ఎడమ చెవి పూర్తిగా, కుడిచెవి ముప్పాతిక వంతు పోగొట్టుకున్నాడు. చెవి మిషన్ కొనిచ్చారు. దాన్ని పొగాకు డబ్బాలో పడేసి జేబులో వేసుకు తిరుగుతాడు. పెట్టుకుంటే సొంత చొక్కా చప్పుడే ఉరుములా వినిపిస్తుందట! అతనితో మాట్లాడటమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పైగా ఆ శంఖం ఊదేవాళ్ళకే బుద్ధి లేదన్నట్టు చూస్తాడు.

లెటాకు యాభై ఎనిమిది. ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఆఖరి సీట్లో చాక్లెట్ కాగితం విప్పినా అద్దంలో చూడకుండానే పట్టేసేది. అలాంటి ఆవిడకు ఈ అన్నయ్య ఒక్కడే లొంగలేదు. బయల్దేరే ముందు వదిన ఆర్డిత్ ఫోన్ చేసి, “జింక రాకపోయినా ఫర్లేదు లెటా, ఆయన్ని రెండు కళ్ళతో, పది వేళ్ళతో ఇంటికి పంపించు, చాలు,” అంది. లెటా సరేనంది. ఆ మాట ఇచ్చిన దగ్గర్నుంచీ గుండెల మీద బండ పెట్టినట్టే ఉంది.

అసలు బాధ పొయ్యి పక్కన పెట్టిన తుపాకి కాదు. దట్టించే కడ్డీ.

క్రిస్మస్ మర్నాడు పెన్సిల్వేనియా కొండల్లో మొదలయ్యే ఈ వేటకు చెకుముకి తుపాకి తప్ప మరోటి పనికిరాదు. మూతిలోంచి మందు పోయాలి, పేలికలో చుట్టిన సీసపు గుండును కడ్డీతో అడుగుదాకా దట్టించాలి, పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు రంజకం వేయాలి. చెకుముకి రాలిన నిప్పుకు ముందు రంజకం అంటుకుని, ఆ మంట చిన్న రంధ్రంలోంచి లోపలి మందుకు పాకాలి. గొట్టం లోపల ఏముందో చూడటానికి లేదు. చూసినవాడికి మళ్ళీ చూసే అవకాశం ఉండకపోవచ్చు. అందుకే వాళ్ళ నాన్న ప్రతి కడ్డీ మీదా చాకుతో ఒక గీత గీసేవాడు. కడ్డీ దించినప్పుడు గీత సరిగ్గా గొట్టం మూతికి వచ్చిందా, దట్టింపు సరి. లోపలికి దిగిపోయిందా, మందు పోయడం మరిచావు. పైకి నిలబడిందా, గుండు సగంలో ఆగింది, లేదా ఒక దట్టింపు మీద ఇంకో దట్టింపు పడింది. అలాంటి తుపాకి పేల్చితే గొట్టం చీలి మొహాన్ని తీసుకుపోతుంది.

నాన్న గీసిన మెర్విన్ కడ్డీ అక్టోబర్లో విరిగింది. కొత్తది వేయించాడు. దాని మీద గీత లేదు.

“నా చేతికి తెలుసే ఎంత దిగాలో,” అనేవాడు లెటా అడిగినప్పుడల్లా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. రెండు నెలలు అడిగి అడిగి ఆమెకు నోరు నొప్పి పుట్టింది.

ఆ ఉదయం వరండాలో మెర్విన్ తుపాకి దట్టించి, కొయ్యకు ఆనించి, మరుగుదొడ్డి వైపు వెళ్ళాడు. లెటా ఇక ఆగలేదు. గిన్నెలో రంజకం లేదని వేలు పెట్టి చూసింది. చెకుముకిరాయి బిగించిన గుర్రం దింపి ఉందని చూసింది. గొట్టం మూతి నుంచి మొహం పక్కకు తప్పించి కడ్డీ దించింది. గీయడానికి చాకు కోసం జేబు తడిమితే మనవరాలు క్రిస్మస్‌కు ఇచ్చిన గోళ్ళరంగు సీసా చేతికి తగిలింది. గులాబీ రంగు. మూతికి సమంగా కడ్డీ చుట్టూ గీత గీసి, ఆరేదాకా ఊదింది.

మెర్విన్ తిరిగొచ్చి చూసి మండిపడ్డాడు. “ఏమిటే ఇది? వేట తుపాకా, పెళ్ళికూతురా?”

“ఏదైనా అనుకో. గీత మూతికి రావాలి. పైకి వచ్చిందా, పేల్చకు. అంతే.”

“కర్ట్, చూశావా మీ అత్తగారి నిర్వాకం?”

లెటా అల్లుడు కర్ట్‌కు ఇది రెండో ఏడు వేట. “బావుంది మామయ్యా, మంచులో పడిపోయినా కనబడుతుంది,” అన్నాడు. ఆ మాటకు మెర్విన్ దారంతా పళ్ళు నూరుతూనే ఉన్నాడు.

కొండ నడుమ చదునుగా ఉన్న చోట ముగ్గురూ వరుసగా కూర్చున్నారు. ఎగువన కర్ట్, మధ్యలో పడిపోయిన హెమ్లాక్ మాను వెనక మెర్విన్, వంద అడుగుల దిగువన లెటా. మోకాలి లోతు మంచు. పది గంటలకు ఎదుటి పొదల్లోంచి ఎనిమిది కొనల కొమ్ములున్న మగజింక బయటికి వచ్చింది. మెర్విన్ మూడేళ్ళుగా దాని గురించే చెబుతున్నాడు.

కర్ట్, మెర్విన్ ఒకేసారి గురిపెట్టారు. ఢామ్మని ఒక్క చప్పుడు. రెండు చోట్ల పొగ.

లెటా రెండు పొగలనూ చూసింది. కర్ట్ దగ్గర పొగ బారెడు పొడవున ముందుకు కొట్టింది. మెర్విన్ దగ్గర గుప్పెడు పొగ చెంప పక్కన నిలువుగా లేచింది, అంతే. గొట్టం మూతిలోంచి ఏమీ రాలేదు. గిన్నెలో రంజకం అంటుకుంది గానీ లోపలి మందు అంటుకోలేదు. చెమటపట్టిన గొట్టంలో అంటుకుంటే వింత. ఏ క్షణాన్నయినా ఆలస్యంగా పేలొచ్చు కాబట్టి తుపాకిని అలాగే ఎదురుగా చూపిస్తూ నిమిషం సేపు కదలకుండా ఉండాలి. మెర్విన్ అప్పటికే దాన్ని నిలబెట్టి మూతిలో మందు పోస్తున్నాడు.

“అన్నయ్యా! పేలలేదు! నీది పేలలేదు!”

అతను తల కూడా తిప్పలేదు. కర్ట్ గుండు తప్పినట్టుంది, జింక పాతిక అడుగులు గెంతి, ఏం జరిగిందో తెలియక పొదల పక్కన నిలబడి చూస్తోంది. మెర్విన్ గుండు వేశాడు. కడ్డీ దించాడు. గులాబీ గీత మూతికి మూడు వేళ్ళ పైన నిలబడిపోవడం లెటాకు అంత దూరం నుంచీ కనిపించింది. అతనికీ కనిపించింది. దాన్ని చూసి, లెటా వైపు చూసి, పిడికిలి ఊపాడు. నువ్వూ నీ గీతా అన్నట్టు. కడ్డీ లాగి మంచులో గుచ్చి, రంజకం నింపిన కొమ్ము అందుకున్నాడు.

గాల్లోకి పేల్చి తన వైపు తిప్పుకుందామా అనుకుంది లెటా. పైకి పోయిన గుండు ఎక్కడో కింద పడాలి కదా అని నాన్న గొంతు మందలించింది. అంత కంగారులోనూ ఆమె వేళ్ళు తన తుపాకి గిన్నె తెరిచి రంజకం దులిపేశాయి. తుపాకిని పక్కనున్న చెట్టుకు ఆనించి, నెత్తి మీది నారింజ టోపీ పీకి, జింక వైపు పరిగెత్తింది.

“పో! పోవే దరిద్రగొట్టుదానా! పో!”

అన్నయ్య వినకపోతే జింకైనా వింటుంది. విన్నది. తోక తెల్లగా ఎగరేసి ఒక్క దూకులో కొండవతల పడింది.

మెర్విన్ రంజకం కొమ్ము చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత అతను అన్న మాటలకు వాళ్ళమ్మ బతికుంటే సబ్బుతో నోరు కడిగేది.

“మూడేళ్ళే! మూడేళ్ళు చూశాను దానికోసం! నీకేమైనా పిచ్చా?”

“గొట్టం పైకెత్తు. గిన్నె తెరువు.” రొప్పుతూ వచ్చి లెటా అతని చేతిలోంచి కొమ్ము లాక్కుంది. “నీ తుపాకి పేలలేదు.”

“పేలింది! చప్పుడు విన్నాను! పొగ చూశాను! నీ గీతే తప్పు, గోళ్ళరంగుతో గీస్తే అలాగే ఏడుస్తుంది!”

కర్ట్ మంచులో పడుతూ లేస్తూ వచ్చాడు. “మామయ్యా, నాకు ఒక్క దెబ్బే వినిపించింది. అది నాదే.”

మెర్విన్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. లెటా పొద్దున తాగకుండా ఫ్లాస్కులో పోసుకున్న కాఫీని తీసి, పక్క రంధ్రంలోంచి కొంత, మూతిలోంచి కొంత పోసింది. తడిసిన మందు పేలదు. కాసేపు నాననిచ్చి, కడ్డీ చివర మరచీల బిగించి, గుండులోకి తిప్పి, మూతికి ఎదురు లేకుండా పక్కకు నిలబడి కర్ట్‌తో కలిసి లాగింది. సీసపు గుండు వచ్చింది. వెనకాలే నల్లటి మడ్డి కారింది.

“ఇది ఇప్పుడు వేసింది. వచ్చిందిగా! ఇక చాలు,” అన్నాడు మెర్విన్.

లెటా కడ్డీ మళ్ళీ దించి తిప్పింది. ఈసారి లాగడానికి కర్ట్ కాలు మానుకు తన్నిపెట్టాల్సి వచ్చింది. రెండో గుండు జారి మంచులో పడింది. లెటా దాన్ని ఏరి, మొదటిదాని పక్కన అతని అరచేతిలో పెట్టింది.

మెర్విన్ ఆ రెండు గుండ్లనూ అరచేతిలో దొర్లించి చూశాడు. మొహంలో కోపం పోయి, వయసు కనిపించింది.

“నాకు వినబడిందే లెటా,” అన్నాడు నెమ్మదిగా. “ఎన్నాళ్ళకో అంత స్పష్టంగా వినబడింది. సంతోషపడ్డాను కూడా.”

 రెండు నెలలుగా దాచుకున్న తిట్లన్నీ లెటా మింగేసింది. కడ్డీకి బిగించిన మరచీల విప్పుతూ, ముక్కు ఎగబీల్చి అటు తిరిగి నిలబడింది.

మెర్విన్ గుండ్లు జేబులో వేసుకుని, పొగాకు డబ్బా తీశాడు. చెవి మిషన్ పెట్టుకుని, అది కీచుమంటే మొహం చిట్లించి, లెటా వైపు చెవి ఒగ్గాడు.

“ఏడవడం ఆపవే, వినపడుతోంది,” అన్నాడు.

“ఏడిస్తే ఏడుస్తాను, నీకేం? ముందు ఆ గొట్టం తుడువు,” అంది లెటా.