దుప్పటికి రెండో కొస

"గిన్నెలు తోముకుంటూ సరస్సు చూడొచ్చు" అన్నాడు ఆమె భర్త, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే.

ఆమె అప్పుడు మాడిన పాలగిన్నె అడుగు గోకుతోంది. తలెత్తింది గానీ చేతిలో పీచు ఆగలేదు.

ఆదివారం కదా, అతను పొద్దున్నే వెళ్ళి కొత్త ఇల్లు చూసొచ్చాడు. నగరం దాటాక పెద్ద చెరువు చుట్టూ కొత్తగా లేచిన ఊరది. అన్నీ ఎత్తైన మేడలే, మేడ మేడకీ లిఫ్టు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఇక్కడ పాత ఇళ్ళ మధ్య పని వెతుక్కోవాలి, అక్కడ పనే ఇతన్ని వెతుక్కుంటుంది. చెల్లెలి కాపురం కూడా అక్కడే. ఆవిడ బ్యాంకులో ఉద్యోగం చేస్తుంది, చంటిపిల్ల ఉంది. అన్నాచెల్లెళ్ళు కలిసి ఇల్లు చూశారు, గోడలు తట్టారు, కుళాయిలు తిప్పారు, బాల్కనీలో నిలబడి టీ తాగారు. ఆమె వెళ్ళలేదు. మంచాన ఉన్న అత్తగారిని ఎవరు చూస్తారు? అందుకని తను ఉండబోయే ఇంటి గురించి ఆమెకు మొదట తెలిసింది వంటింటి కిటికీ.

"ఇంత కిటికీ" అని చేతులు బార్లా చాపాడు. "సింకు సరిగ్గా దాని కిందే. కట్టినవాడెవడో గానీ బుర్ర ఉన్నవాడు. నిలబడితే చాలు, ఎదురుగా సరస్సు."

"చెరువురా" అంది లోపలి గదిలోంచి అత్తగారు. ఆవిడకి నడుము కింద చచ్చుబడిపోయింది గానీ చెవులూ నోరూ చెక్కుచెదరలేదు.

"చెరువు కాదమ్మా, సరస్సు. బోర్డు మీద అలాగే రాసుంది."

"బోర్డు పెడితే దోమలు కుట్టడం మానేస్తాయేంట్రా?"

అతను నవ్వాడు. చెడ్డవాడేం కాదు. తాగడు, చెయ్యి చేసుకోడు, తల్లి మందులు మర్చిపోకుండా తెస్తాడు. "నీకు గాలి మంచిదమ్మా. రోజూ సాయంత్రం లిఫ్టులో కిందకి దింపి తిప్పుతాంగా" అన్నాడు. ఆ తిప్పుతాంలో ఎవరెవరున్నారో పాలగిన్నె దగ్గరున్న ఆమెకి తెలుసు.

అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ అడిగాడు, "మరి నువ్వేమంటావ్?"

అడగలేదని రేపు ఎవరూ అనడానికి లేదు.

"మీ ఇష్టం" అంది.

ఆ మాట ఆమె నోటికి పెళ్ళైన కొత్తలో వచ్చింది, ఇక పోలేదు. మొదట్లో అది సిగ్గుతో అన్న మాట. తర్వాత గొడవ పడే ఓపిక లేక అన్న మాట. ఆ తర్వాత ఏ మాటా కాదు, కారుతున్న కుళాయి కట్టెయ్యడం లాంటిది. కూతుర్ని హాస్టల్లో వేసినప్పుడు మీ ఇష్టం. అత్తగారిని ఆసుపత్రి నుంచి నేరుగా వీళ్ళింటికే తెచ్చినప్పుడు మీ ఇష్టం. ఆ మాట లోపల ఇష్టం ఉందో లేదో తడిమి చూసినవాళ్ళు లేరు. అతనైతే అప్పుడే ఫోన్ తీశాడు. "మీ వదిన సరేనంది" అన్నాడు చెల్లెలితో. ఫోన్లోంచి ఆడపడుచు కేక వంటింటిదాకా వినిపించింది. "మా వదిన బంగారం! ఇక నా పిల్ల సంగతి నాకు దిగుల్లేదు!"

గిన్నె అడుగున మాడు ఇంకా పోలేదు. నీళ్ళు పోసి నానబెట్టింది.

ఆమె పనిచేసేది పెద్దాసుపత్రి లాండ్రీలో, మడతల దగ్గర. అవతల గదిలో ఉతికే యంత్రాలు రోజంతా హోరెత్తుతుంటాయి. దుప్పట్లు ఇస్త్రీ రోలరులోంచి వేడివేడిగా జారి బల్ల మీద పడతాయి. ఒక కొస ఈమె పట్టుకుంటుంది, రెండో కొస పొడుగక్క పట్టుకుంటుంది. గట్టిగా లాగి ఒక్క విదిలింపు విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి మూలలు కలుపుతారు. మళ్ళీ వెనక్కి జరుగుతారు. మళ్ళీ దగ్గరికొస్తారు. యంత్రాల చప్పుడుకి దూరంగా ఉన్నప్పుడు అరిచినా వినబడదు. మూలలు కలిసినప్పుడే తలలు దగ్గరికొస్తాయి, అప్పుడే మాట. అందుకని అక్కడి కబుర్లన్నీ ముక్కలుముక్కలుగా నడుస్తాయి. కలిసినప్పుడు ఒక మాట, విడిపోయి నడిచే దూరమంతా ఆ మాట గురించి ఆలోచన. ఇంట్లో ఏళ్ళ తరబడి చెప్పుకోని సంగతులు ఆమె ఇక్కడ దుప్పట్ల మధ్య చెప్పుకుంది.

పొడుగక్క అసలు పేరు జీతమిచ్చేవాళ్ళకే తెలుసు. మేస్త్రితో సహా అందరికీ పొడుగక్కే.

"ఇల్లు దొరికిందా?" అంది పొడుగక్క మూలలు కలుపుతూ.

"దొరికింది."

వెనక్కి జరిగారు. లాగారు. కలిశారు.

"నిన్ను అడిగాడా?"

"అడిగాడక్కా. మీ ఇష్టమన్నా."

పొడుగక్క ఆ దుప్పటి మడత పూర్తిచేసింది. కొత్త దుప్పటి అందుకుని, మొదటి కలయికలో, మొహంలో మొహం పెట్టి అడిగింది.

"నీ ఇష్టం ఏంటే?"

ఆమె వెనక్కి జరిగింది. మళ్ళీ కలిసేసరికి జవాబు ఉండాలి, లేదు. ఆ ఊరు వెళితే తను ఎలా ఉంటుందో ఆమెకి అద్దంలోలా కనిపిస్తోంది. తెల్లారగానే అత్తగారిని పక్కకి తిప్పి, తుడిచి, పక్క మార్చి, జావ పట్టాలి. అది అవుతుండగానే ఆడపడుచు చంటిపిల్లని గుమ్మంలో దించి బ్యాంకుకి పరుగెడుతుంది. పిల్ల నిద్రపోతే అత్తగారు లేస్తుంది, అత్తగారు కునుకు తీస్తే పిల్ల లేస్తుంది. ఇప్పుడైతే కింద వాటాలో ఉండే ఆయా పనిరోజుల్లో పగలు వచ్చి కూర్చుంటుంది, ఆ ఆయాకి ఇచ్చేది ఆమె ఇక్కడ సంపాదించినదే. అక్కడ ఆయా ఎందుకు, నువ్వు ఇంట్లోనే ఉంటావుగా అంటారు. ఇంట్లోనే ఉంటావుగా. ఆ మాట ఇప్పటినుంచే చెవిలో మోగుతోంది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఎదుటి మనిషి మొహం చూస్తూ మాట్లాడేది ఈ గదిలోనే, ఈ ఒక్క మనిషితోనే. అదీ పోతే మిగిలేది కిటికీ. ఆ నీళ్ళని చూస్తూ ఎన్ని గిన్నెలు తోముతుంది? ఏదో ఒకరోజు గిన్నె సగంలో వదిలేసి, చెయ్యైనా తుడుచుకోకుండా, మెట్లు దిగి ఆ నీళ్ళలోకి నడిచిపోతుందేమో. ఆ ఆలోచన వచ్చినందుకే భయపడింది. చేతిలో కొస జారి దుప్పటి నేలపడింది.

"మళ్ళీ ఉతకాలి" అంది పొడుగక్క దాన్ని పక్కకి విసిరేస్తూ. తిట్టలేదు. ఆమె మొహం చూసి ఇంకో దుప్పటి కొస అందించింది.

ఆ సాయంత్రం ఆమె ధైర్యం కూడగట్టుకుంది. భర్త అట్టపెట్టెలు తెచ్చి హాల్లో పేరుస్తున్నాడు.

"నేను పని మానలేనండీ" అంది.

"ఏం పని?"

నిజంగానే అడిగాడు. వెటకారం కాదు. అందుకే ఇంకా లోతుగా దిగింది.

"లాండ్రీ పని."

"దుప్పట్లు మడతపెట్టడమా?" అతను పెట్టె దించి నవ్వాడు. "దానికోసం ఊరు మారకుండా ఉంటారా ఎవరైనా? అక్కడ మనింట్లో దుప్పట్లుండవా? తనివితీరా మడతపెట్టుకో." ఫోన్లో చెల్లెలు లైన్లోనే ఉంది, స్పీకర్ ఆన్ చేసే ఉంది. ఆవిడా పకపకా నవ్వింది. "వదినా, మావి కూడా పంపిస్తా!"

"అది కాదు..."

"ముందు సరేనన్నావ్. ఇప్పుడు ఇదేంటి మరి? అమ్మని ఎవరు చూసుకుంటారనుకున్నావ్?"

ఆమె వంటింట్లోకి వెళ్ళిపోయింది. కూర తరుగుతూ వేలు తెగింది. కుళాయి కింద పెట్టుకుని, ఎవరూ అడక్కముందే గుడ్డ చుట్టుకుంది. ఎవరూ అడగలేదు.

మర్నాడు లాండ్రీకి వెళ్ళేసరికి రెండో కొస దగ్గర వేరే ఎవరో ఉన్నారు.

కొత్తమ్మాయి. కొస ఎలా పట్టాలో తెలీక మధ్యలో పట్టుకుంది, మూలలు కలవడం లేదు. పొడుగక్క అటు లాగుతోంది, దుప్పటి వంకరపోతోంది. ఆమె టిఫిన్ డబ్బా పట్టుకుని తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నువ్వెందుకొచ్చావమ్మా?" అన్నాడు మేస్త్రి. "మానేస్తోందని నిన్న రాత్రే మీ ఆయన ఫోన్ చేశాడే."

ఆ లాండ్రీలో ఒక అలవాటుంది. ఆడవాళ్ళకి సెలవు కావాలంటే ఇంట్లో మగవాళ్ళు ఫోన్ చేస్తారు. ఎవరూ పెట్టిన రూలు కాదు. ఆడమనిషి తనే చేస్తే మేస్త్రి సవాలక్ష అడుగుతాడు, జ్వరం ఎంతుంది, మాత్ర వేసుకున్నావా, మధ్యాహ్నం నుంచైనా రాలేవా అని. మొగుడు చెబితే "అలాగేనండీ" అని పెట్టేస్తాడు. మొగుడు లేని పొడుగక్క కూడా గొంతు బొంగురుగా మార్చి తనకి తనే అన్న అవుతుంది. ఈమె ఇన్నేళ్ళూ తన జ్వరాలు, అత్తగారి జ్వరాలు అన్నీ భర్త నోటితోనే చెప్పించింది. సుఖంగా ఉందనుకుంది. అలా చెప్పించి చెప్పించి, తన పని అతని నోట్లో పెట్టేసింది.

"నేను చెప్పలేదు మేస్త్రీ" అంది.

"నువ్వెప్పుడు చెప్పావమ్మా? ఎప్పుడూ ఆయనేగా చెప్పేది!" మేస్త్రి తల గోక్కున్నాడు. "మనిషిని రప్పించేశాను. ఇప్పుడు పొమ్మంటే బాగుంటుందా? నువ్వే చెప్పు."

బాగుండదు. కొత్తమ్మాయి భయం భయంగా చూస్తోంది. దాని ఇంట్లో ఏముందో. మరి తను ఎక్కడికి వెళ్ళాలి? ఈ వేళప్పుడు ఇంటికి వెళితే ఆయా అడుగుతుంది, అత్తగారు అడుగుతుంది. వీధిలో ఎక్కడైనా కూర్చుందామంటే ఆడమనిషి ఊరికే కూర్చునే చోటు ఒక్కటీ గుర్తురాలేదు.

"తడివైపు ఖాళీగా ఉందిగా మేస్త్రీ" అని పొడుగక్క గట్టిగా అరిచింది.

తడివైపంటే యంత్రాల్లోంచి నీళ్ళోడే దుప్పట్లు లాగి బండిలో వేసే పని. పీనుగంత బరువుంటాయి. చేతులు ఒరిసిపోతాయి, భుజాలు లాగేస్తాయి. ఎవరూ నిలవరు అక్కడ.

"ఈమె వల్ల కాదు" అన్నాడు మేస్త్రి.

"చేస్తాను."

"రేపు మళ్ళీ మీ ఆయన ఫోన్ చేస్తే నన్నేం చెయ్యమంటావ్?"

"ఇకమీదట నా సంగతి నేనే చెబుతానండీ. వేరే ఎవరు చెప్పినా వినకండి."

అడుక్కుంటున్నట్టే ఉంది అది, ఆమెకే తెలుసు. మేస్త్రి ఆమెని ఎగాదిగా చూసి, రబ్బరు బూట్లున్న మూల వైపు చెయ్యి చూపించాడు. బూట్లు ఎవరో మగవాడివి, నడుస్తుంటే కాలి నుంచి ఊడి వస్తున్నాయి.

సాయంత్రం ఇంటికి చేరేసరికి ఆమె చేతులు భుజాల పైకి లేవడం లేదు. భర్త పెట్టెలకి టేపు వేస్తున్నాడు. ఆమె చెప్పులు విడిచి, అక్కడే నిలబడి చెప్పింది. "నేను పని మానలేదు. రేపు కూడా వెళ్తాను. మీరు వెళ్ళండి, నేను ఆ ఊరు రావడంలేదు."

అతనికి మొదట కోపం కూడా రాలేదు. "ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. ఆ తర్వాత వచ్చింది. నీ కోసమే కదా ఆ కిటికీ ఇల్లు అన్నాడు. జనం ఏమనుకుంటారన్నాడు. చెల్లెలికి మాటిచ్చానన్నాడు. పొడుగామె నేర్పిన బుద్ధులివన్నాడు. అవన్నీ ఆమె మీద నుంచి పోతున్నాయి.

లోపల్నుంచి అత్తగారు పిలిచింది. "ఏమే, ఇలా రా."

వెళ్ళింది.

"నాకు చెరువూ వద్దు, గాలీ వద్దు" అంది అత్తగారు. ఎప్పుడూ గదమాయించే గొంతు ఇప్పుడు లోతుకు పోయింది. "నన్నూ ఎవరూ అడగలేదులే. మంచంతో పాటు ఎత్తుకుపోతారు. కానీ నువ్వు రాకపోతే నన్నెవరు తిప్పుతారే?"

ఇంతసేపూ భర్త అన్నవేవీ తగల్లేదు. ఇది తగిలింది. ఆమె స్నానాల గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, కుళాయి విప్పి, తడి నేల మీద కూర్చుని ఏడ్చింది. పూటకోసారైనా తిప్పకపోతే ఆవిడ వీపు పుండ్లు పడుతుంది. ఆసుపత్రిలో అలాంటి వీపుల కింద దుప్పట్లు ఎలా ఉంటాయో ఆమె రోజూ చూస్తూనే ఉంది. వెళితే తను బతకదు. వెళ్ళకపోతే ఆవిడ. ఈ రెండింటి మధ్య మూడో దారి ఒకటి ఉంటుందని ఆమెకి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు, తనకీ తట్టలేదు. బకెట్టు నిండి నీళ్ళు పొర్లుతున్నాయి. హాల్లో టేపు చింపుతున్న చప్పుడు వినిపిస్తోంది. బలమైన చేతులు. లిఫ్టు తలుపులని ఒంటిచేత్తో తెరిచే చేతులు.

ఆమె లేచి మొహం కడుక్కుంది. బయటికొచ్చి, "ఏమండీ, ఒకసారి ఇలా రండి" అంది.

మనసు మారిందనుకుని తొందరగానే వచ్చాడు.

"చేతులు కడుక్కుని రండి."

"దేనికి?"

"కడుక్కుని రండి చెబుతాను."

కడుక్కుని వచ్చాడు. ఆమె మంచానికి ఇవతల నిలబడి, అతన్ని అవతల నిలబెట్టింది. "ఒక చెయ్యి భుజం కింద పెట్టండి. రెండోది నడుము కింద. అక్కడ కాదు, ఇంకా కిందకి. ఆ. ఇప్పుడు లాగకండి, మీ వైపు దొర్లించండి."

"ఇది నీకు బాగా వచ్చుగా" అన్నాడు.

"మీకూ వస్తుంది."

తల్లి ఒంటి మీద అతను అలా చెయ్యి వేసి ఎన్నేళ్ళయిందో. ఎక్కడ పట్టుకోవాలో తెలీక గాజుసామాను ముట్టుకున్నట్టు ముట్టుకున్నాడు. ఎత్తబోయి వదిలేశాడు. అత్తగారు "అబ్బా" అంది. "ముందు గోళ్ళు తీసుకోరా వెధవా. గీసుకుపోతున్నాయి."

ఆమె చేతులు వాటంతటవే ముందుకి లేచాయి. ఒక్క క్షణం పని, ఇటు పట్టి అటు అంటే అయిపోతుంది. ఆమె ఆ చేతుల్ని వెనక్కి తీసుకుని, నడుము వెనకాల ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకుంది. పొద్దుటి నుంచి ఎత్తిన తడి బరువుకంటే ఇది బరువుగా ఉంది.

అతను చెమటలు కక్కుతూ తల్లిని పక్కకి తిప్పాడు. సగమే తిరిగింది. తలెత్తి భార్య వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు ఇప్పుడు, భయం ఉంది. మొదటిసారి అతనికి సంగతి అర్థమవుతున్నట్టుంది.

"నిజంగానే రావా?" అన్నాడు.

అత్తగారు కళ్ళు మూసుకుని ఉంది. వింటూనే ఉంది.

"ఇంకొంచెం తిప్పండి" అంది ఆమె. "దిండు వీపుకి ఆనించి, అప్పుడు చెయ్యి తియ్యండి."