కిష్టవ్వ నీడ రైలెక్కలే

ఆదివారం పొద్దున నాలుగున్నరకు కిష్టవ్వ నీడ లేచింది. ఐదింటికి కిష్టవ్వ లేచింది. వీధిలైటు వెలుగుల నీడ వాకిలి ఊడ్చి పోయినంక అర్ధగంటకు ఆమె చీపురు పట్టింది. నీడ ఎక్కడ వంగిందో అక్కడ్నే వంగింది.

ఇది కొత్త ముచ్చట గాదు. ఆమె తల్లిగారింట్ల తరానికొక ఆడమనిషికి నీడ అర్ధగంట ముందు నడుస్తది. కరీంనగర్ల వాళ్ళ గల్లీ అంతటికీ ఎరుకే. అడ్డా కాడ నీడ వచ్చి నిలబడ్డదంటే ఆటో ఓంప్రకాశ్ వేరే బేరం ఒప్పుకోడు. "పెద్దమ్మ వస్తది" అని సీటు తుడిచి పెడుతడు. కూరగాయలామె, నీడ ఏ గంప మీద వంగితే ఆ గంపల పుచ్చువి ఏరి పక్కన పడేస్తది. కిష్టవ్వకు ఒక్క పుచ్చు వంకాయ వచ్చిందంటే ఆ మాట ఆర్నెల్లు ఇడువది.

ఆ దినం వాళ్ళు విహారయాత్ర రైలెక్కాలె. కోటరాయిపల్లెకు కొత్తగ వేసిండ్రు. పొద్దున తీస్కపోయి, పాతకోట, మెట్లబావి చూపెట్టి, సాయంత్రం ఐదు ఇరవైకి మళ్ళ తీస్కొస్తరు. దుబాయ్‌ల ఉన్న కొడుకు రాకేశ్ ఫోన్లనే మూడు టికెట్లు తీసిండు. తల్లికొకటి, భార్య వినోదకొకటి, బిడ్డ అలేఖ్యకొకటి. మోకాళ్ళ నొప్పులని కిష్టవ్వ పెనిమిటి హనుమండ్లు రానన్నడు.

కోటరాయిపల్లె కిష్టవ్వ తల్లిగారి ఊరు. పద్దెనిమిదేండ్ల నుంచి ఆమె ఆ ఊరి పొలిమేర తొక్కలే. వద్దంటదని అందరూ అనుకున్నరు. అనలే.

"టికెట్ కొనుక్కొని పోయెటోళ్ళు చుట్టాలు గాదు," అన్నది. "కోట చూస్త, వస్త. ఎవలింటికీ పోను. ఎవలన్న పిలిస్తె నాకు వినపడది. గిది ఒప్పుకుంటెనే వస్త."

వినోద ఒప్పుకున్నది. ఐదు నెలల కింద కిష్టవ్వ తమ్ముడు కొమురెల్లికి పక్షవాతమొచ్చి కుడిచెయ్యి పడిపోయిందని కబురొచ్చింది. "దవాఖానలు ఉన్నయి గద" అని కిష్టవ్వ చాట ఆపలే. ఆ దినమంతా చెరిగిన బియ్యమే మళ్ళ మళ్ళ చెరిగింది.

కోపం ఎందుకో చెప్పాలె. పద్దెనిమిదేండ్ల కింద తమ్ముడు పిలిచి ఒడిబియ్యం పోసిండు. ఆడపడుచును పీట మీద కూసోబెట్టి పుట్టింటోళ్ళు దోసిళ్ళతోని ఒళ్ళె పసుపు బియ్యం పోసుడు మన దిక్కు చిన్న ముచ్చట గాదు. ఊరందరి ముందట కిష్టవ్వ కొంగు పట్టింది. ఒక గింజ తీసి పంటికింద పెట్టింది. దొడ్డు బియ్యం. రేషన్‌వి. కనపడకుండ పసుపు దండిగ కలిపిండ్రు. ఆ యేడు తమ్ముని పొలం ఎండిందని ఆమెకు ఎరుకే. ఎండిందని చెప్పి పావుసేరు పోసినా కండ్లకద్దుకుంటుండె. పసుపు కింద దాసుడేంది? ఒక్క మాట అనకుండ కొంగు ముడేసుకొని బస్సెక్కింది. ఆ బియ్యం కోళ్ళకు చల్లింది. తమ్ముడు మూడుసార్లు ఇంటికొచ్చిండు. మూడుసార్లూ తలుపు తీయలే.

రైలు కదిలింది. నీడ రైలుకన్న అర్ధగంట ముందే పట్టాల మీద పోయింది, స్టేషన్లోళ్ళందరూ చూసిండ్రు. టికెట్లు చూడొచ్చినాయన నవ్విండు.

"అవ్వా, నీడకు టికెట్ లేకపాయె?"

"సగం టికెట్ తీసుకోవాల్నా అంకుల్?" అన్నది అలేఖ్య. ఆ పొల్ల తొమ్మిదో తరగతి, నోరు మాత్రం బాపమ్మదే.

కిష్టవ్వ నవ్వలే. కిటికీ బయటకు చూసుకుంట కొంగు కొసను మెలిపెట్టింది, ఇప్పింది, మళ్ళ మెలిపెట్టింది.

కోటల భానుప్రసాద్ అని గైడు, చేతుల మైకు. "ఈ రాతి గద్దె మీద రాణిగారు కూర్చుని దర్బారు చూసేవారు" అని చెప్పిండు.

"ఏ రాణి?" అన్నది కిష్టవ్వ. "మా అవ్వ గీ గద్దె మీద మిరపకాయలెండబోసేది. ఆ గుంట జూడు, రోకలితోని దంచి దంచి పడ్డది."

అందరూ రాణిని ఇడిసిపెట్టి గుంట ఫొటోలు తీసుకున్నరు. భానుప్రసాద్ మైకు కిందికి దించిండు.

పగటీలి కోటగోడ పక్కన పులిహోర తింటుంటే ఊరి ముసలాయన మల్లన్న వచ్చి నిలబడ్డడు.

"కిష్టక్కా! నీ నీడను చూసి నువ్వొస్తున్నవని గుర్తువట్టిన. తమ్మునింటికేనా?"

"నాకు చెవుడొచ్చింది మల్లన్నా."

"ఎప్పటిసంది?"

"పద్దెనిమిదేండ్లాయె."

మల్లన్న తలూపి పోయిండు. పోయినంకనే కిష్టవ్వ ఎడమ దిక్కు గల్లీ చూసింది. ఆ గల్లీల నాలుగో ఇల్లు తమ్మునిది. చూసి తల తిప్పుకున్నది. వినోద ఆ చూపు పట్టింది.

నాలుగూ నలభైకి స్టేషన్ తొవ్వ మొదట్ల నీడ వీళ్ళకు కనపడ్డది. అది స్టేషన్ దిక్కు పోవాలె. పోలే. తొవ్వల ఆగింది. వెనుకకు తిరిగి ఎడమ గల్లీలకు మళ్ళింది.

"బాపమ్మా, అటెటు పోతున్నది?" అని అలేఖ్య దాని వెంట ఉరికింది.

వినోద అత్త చెయ్యి పట్టి ఆపింది. కిష్టవ్వ తల్లిగారింటి పెద్దవ్వ ముచ్చట ఆమెకు పెండ్లైన కొత్తలనే చెప్పిండ్రు. ఆ పెద్దవ్వకు గూడ నీడ ముందు నడిచేది. ఒకనాడు ధర్మపురిల నీడ గోదారి మెట్లు దిగితే, నేను దిగనని మొండికేసి ఇంటికొచ్చింది. నీడ అక్కడ్నే ఉండిపోయింది. ఆమె తొమ్మిదేండ్లు నీడ లేక బతికింది. ఎండల కూసున్నా చలే. తిన్నదేదీ నోటికి తెల్వలే. ఏడాదికింత ఏడాదికింత పలుచనై, ఆఖరికి సొంత మనవలు గూడ ఆమెను తాకుకుంట పోయెటోళ్ళు, చూడక.

"అత్తమ్మా, జర పోయి చూసొద్దాం. మీ కాల్మొక్త."

"రైలు టైమైతుంది. నడువు."

ప్లాట్‌ఫాం మీదికి అలేఖ్య రొప్పుకుంట వచ్చింది. అప్పటికే కిష్టవ్వ రైలు డబ్బాల కూసున్నది.

"బాపమ్మా, నీ నీడ కొమురెల్లి తాత వాకిట్ల ఉన్నది. పీట మీద కూసున్నది. రెండు చేతులతోని కొంగు పట్టుకొని ఉన్నది."

వినోద అత్త మొఖం చూసింది.

"సిగ్గులేనిది," అన్నది కిష్టవ్వ. "నా కొంగు అది ఎట్ల పడుతది? నేను పట్టలే. ఉండనియ్యి అక్కడ్నే. బిచ్చమెత్తుకోనియ్యి."

"అత్తమ్మా, పెద్దవ్వ ముచ్చట…"

"నాకు చెప్తవా? నేను చూసిన మనిషిని."

ఐదయింది. ఎండ కిటికీలకెల్లి వచ్చి ఆమె మీద పడ్డది. ఆమె కొంగు భుజం చుట్టూ కప్పుకున్నది. ఐదు దాటింది. పండ్లు కటకట కొట్టుకుంటున్నయి. వినోద తన చున్నీ గూడ కప్పింది. చెయ్యి పట్టుకుంటే చెయ్యి బావిల రాయి లెక్కున్నది.

ఇంతల ఒకాయన బరువు సంచి మోసుకొచ్చి కిష్టవ్వ ఒళ్ళె పెట్టబోయిండు.

"మనిషున్నది కనపడ్తలేదా!"

"అయ్యో అవ్వా, ఖాళీ సీటనుకున్న," అని ఆయన భయపడి పక్కకు జరిగిండు.

కిష్టవ్వ తన అరచెయ్యి చూసుకున్నది. అరచేతిలకెల్లి సీటు రంగు కనపడ్తుండె. నీలం రంగు, ఒకకాడ చినిగి ఉన్నది. ఆ చినుగు గూడ కనపడ్డది. పెద్దవ్వకు తొమ్మిదేండ్లు పట్టింది, ఈమెకు అర్ధగంట గూడ పట్టలే.

చానాసేపు చూడలే. లేచింది.

"నేను ఎవలింటికీ పోతలేను," అన్నది దిగుకుంట. "నా నీడను నేను తెచ్చుకుంట. ఇనుండ్రి."

గడియారం ఐదు పది చూపెడుతుండె. వినోద, అలేఖ్య వెంట ఉరికిండ్రు.

నాలుగో ఇంటి వాకిట్ల మల్లన్న, ఇంకో ఇద్దరు ముసలోళ్ళు నిలబడి ఉన్నరు. పడమటెండ గోడ మీద పడ్తుంది. గోడ మీద కిష్టవ్వ నీడ, పీట మీద కూసొని, ఒడి చాపి. పక్కన నులకమంచంల కొమురెల్లి. కుడిచెయ్యి ఒళ్ళె పెట్టుకున్నడు, ఎవలో దాసిపెట్టుమని ఇచ్చిపోయినట్టు. గడ్డం తెల్లబడ్డది. అక్కను చూసి లేవబోయిండు, లేవరాలే.

తమ్ముని భార్య లచ్చవ్వ తాంబాళం పట్టుకొని ఎదురొచ్చింది.

"రా వదినె. నీ నీడ కూసున్నదని బియ్యం కొలిచిన. పసుపు కలపలే. నువ్వు చూసినంకనే కలుపుత."

కిష్టవ్వ తాంబాళం దిక్కు చూసింది. తెల్లగ, ఉత్త బియ్యం. ఒక గింజ తీసి పంటికింద పెట్టింది. అందరూ ఆమె దవడనే చూస్తున్నరు.

"సన్నయి. ఎక్కడియి?"

లచ్చవ్వ తల దించింది. "అబద్ధం చెప్ప వదినె. రేషన్‌వే. ఇప్పుడు రేషన్ల గూడ సన్నయే ఇస్తుండ్రు."

అలేఖ్యకు నవ్వాగలే. వినోద ఆమె జబ్బ గిచ్చింది. కిష్టవ్వకు గూడ వచ్చింది గని మింగింది.

"ఇప్పుడు చెప్పినవ్ గద. గప్పుడు నోట్ల ఏం పెట్టుకున్నవ్?"

"సిగ్గయింది వదినె. ఊరంతా ఉండె."

"నేను ఊరా?"

కొమురెల్లి మాట కొంచెం పక్కకు పోతుండె, అయినా మాట్లాడిండు.

"అక్కా. నేను పొయ్యలేను. కుడిచెయ్యి లేస్తలేదు. ఎడమచేత్తోని పోస్తె అరిష్టం. లచ్చవ్వ పోస్తది, పోయించుకో."

"లచ్చవ్వ నా తోడవుట్టిందా?" అన్నది కిష్టవ్వ. "తోడవుట్టినోడు పొయ్యాలె. లేకపోతె వద్దు."

అంతే, ఎవలకూ ఏం చెయ్యాల్నో తెల్వలే. స్టేషన్ దిక్కు నుంచి రైలు కూత వినొచ్చింది. రైలు పోతున్నది. ఈమె ఇక్కడ కూసోదు, అక్కడ రైలు లేదు. వినోదకు ఏడుపొచ్చింది.

"బాపమ్మా, గోడ," అన్నది అలేఖ్య.

గోడ మీద కిష్టవ్వ నీడ అట్లనే ఒడి చాపి ఉన్నది. దాని ముందట కొమురెల్లి నీడ నిలబడి ఉన్నది. కొమురెల్లి మాత్రం మంచంలనే ఉన్నడు. ఆ ఇంట్ల మొగోళ్ళకు నీడ ముందు నడుసుడు ఎన్నడూ లేదు. కొమురెల్లి నీడ వంగింది. రెండు చేతులు దగ్గరకు తెచ్చి దోసిలి పట్టింది. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, రెండూ. దోసిలి నిండుగ ఉన్నది. మెల్లెగ అక్క నీడ ఒళ్ళె పోసింది. మళ్ళ ముంచింది. మళ్ళ పోసింది.

మల్లన్న జేబుల్నుంచి ఫోన్ తీసి టైం చూసిండు.

"ఐదు ఇరవై," అన్నడు.

కొమురెల్లి గోడను చూసిండు. ఒళ్ళె ఉన్న చెయ్యిని చూసుకున్నడు. భయపడ్డట్టు మళ్ళ గోడను చూసిండు.

కిష్టవ్వ పోయి పీట మీద కూసున్నది. ఎండ వీపుకు తాకింది, వెచ్చగ. కొంగు చాపి ముడతలు సాపు చేసుకున్నది.

"పసుపు కలుపు లచ్చవ్వా," అన్నది. "కొంచెమే కలుపు, గింజ కనపడాలె. ఐదు యాభైకి పోయించుకుంట." తమ్ముని దిక్కు తిరిగింది. "ఒక్క గింజ కిందపడ్డా ఊకోను, చెప్తున్న."