రేపటికి తగ్గుతది

ఇల్లందు దాటి అడవిలోకి పోయే దారిలో, తండాకు కూతవేటు దూరంలో ఒక పెంకుల దవాఖానా ఉండేది. ఎనభైల నాటి సంగతి. అందులో స్పెయిన్ దేశం నుంచి వచ్చిన డాక్టరమ్మ, క్రైస్తవ సన్యాసిని సిస్టర్ ఇనెస్. ఆమెకు సాయంగా తండా పిల్ల ద్వాలి. డాక్టరమ్మ హస్తవాసి మంచిదే. చిక్కంతా నోటితోనే వచ్చేది.

ఆవిడ ఏ రోగికీ 'తగ్గుతుంది' అని చెప్పేది కాదు. 'తగ్గాలని కోరుకుంటున్నాను' అనేది. తెలియని దాన్ని తెలిసినట్టు చెప్పడం ఆవిడ లెక్కలో అబద్ధం. మన వైపు డాక్టరు నోట అంత మాట వచ్చిందంటే ఇక ఆశ వదులుకోమనే అర్థం. చలిజ్వరంతో వచ్చిన ధన్‌సింగ్‌కు ఆవిడ ఈ మాటే చెప్పింది. వినీ వినగానే అతని పెళ్లాం మోతీ ఏడ్చుకుంటూ, మంచంతో సహా మనిషిని ఎత్తించుకుని ఇంటిదారి పట్టింది. ద్వాలి వెనకాలే పరుగెత్తింది.

"ఏడికి తీస్కపోతున్నవక్కా? అమ్మకు తెలుగు సక్కగ రాదు. రేపటికి తగ్గుతదన్నది. ఎనకకు నడువుండ్రి!"

మంచం వెనక్కి తిరిగింది. జ్వరం మర్నాటికి కాకపోయినా ద్వాలి పరువు పోకముందే తగ్గింది.

"తగ్గుతుందని నీకెలా తెలుసు?" అని కోప్పడింది డాక్టరమ్మ.

"నాకేం తెల్సమ్మా? గట్ల చెప్పకుంటే మందు మింగరు."

ఆనాటి నుంచి డాక్టరమ్మ కోరుకోవడం, ద్వాలి తగ్గించెయ్యడం. దవాఖానా అలాగే నడిచింది.

సాయంత్రాలు డాక్టరమ్మ మెట్ల మీద కూర్చుని తన భాషలో తనే గొణుక్కునేది. బదులు పలికే నరమానవుడు లేడు. ద్వాలి ప్రాణం ఉసూరుమంది. "నాకు నేర్పరాదమ్మా, ఇద్దరం ముచ్చట పెట్టుకుందం" అంది. అన్నట్టే బియ్యం, వాన, పిల్లలు, కోడిపెట్టలు అన్నీ స్పానిష్‌లో పలికేసింది. ఒక్క చోట మాత్రం మొండికేసింది. ఆ భాషలో జరిగేదానికి క్రియ ఒక రూపంలో ఉంటుంది, జరగాలని మనసు కోరేదానికి ఇంకో రూపంలో. 'తిరిగొస్తావు' అంటే 'బ్వెల్బెస్'. 'తిరిగొస్తే ఎంత బాగుండు' అంటే 'ఒహలా బ్వెల్బాస్'. ద్వాలి నోట ఎప్పుడూ మొదటి రూపమే వచ్చేది.

"కోరుకుంటున్నమంటే అనుమానమున్నట్టే గదమ్మా! వస్తరంటే వస్తరు, అంతే."

డాక్టరమ్మ నవ్వేది. "అనుమానం కాదు ద్వాలీ. నా చేతిలో లేదు, కానీ నా మనసంతా అదే. ఆ రూపానికి అర్థం అదీ."

"ఏందో నీ భాష" అనేది ద్వాలి.

ఆ ఎండాకాలం డాక్టరమ్మ కడుపులో గడ్డ ఉన్నట్టు తేలింది. ఆపరేషన్‌కు స్పెయిన్ రమ్మని ఆవిడ మఠం వాళ్లు పిలిచారు. ప్రయాణం రోజున తండా అంతా బస్సు దగ్గరికి కదిలివచ్చింది. మోతీ రొట్టెలు మూటగట్టి తెచ్చింది. మన దగ్గర ఊరికి వెళ్లేవాళ్లు 'పోతున్న' అనరు, 'పోయొస్త' అంటారు. ఆ మాట చెప్పకుండా ఎవరైనా గడప దాటితే ఇంట్లోవాళ్ల గుండె జారిపోతుంది. అందరూ ఆ మాట కోసమే ఆవిడ మొహంలోకి చూస్తున్నారు. డాక్టరమ్మ అందరి చేతులూ పట్టుకుంది, పిల్లల తలలు నిమిరింది. ఆ మాట మాత్రం అనలేదు. ఎలా అంటుంది? వస్తుందో రాదో ఆవిడకే తెలియదాయె. ద్వాలి ముందుకొచ్చింది.

"నీకు తగ్గుతదమ్మా. నువ్వొస్తవు" అంది.

"ధన్‌సింగ్‌కు చెప్పినట్టేనా?"

ద్వాలి తల దించుకుంది. "అవ్."

"నాకు మందు మింగించక్కర్లేదు ద్వాలీ. నీ మనసులో ఉన్నది చెప్పు."

డ్రైవరు హారన్ కొట్టాడు. ద్వాలి తలెత్తింది. ఇన్నాళ్లూ మొండికేసిన నాలుక దానంతటదే తిరిగింది.

"ఒహలా బ్వెల్బాస్."

ఒక్క అక్షరం తప్పు పోలేదు. డాక్టరమ్మ ఆమెను గుండెకు హత్తుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత బస్సు మెట్టెక్కి, కమ్మీ పట్టుకుని, తండా వైపు తిరిగింది. అందరికీ వినపడేలా గట్టిగా అంది.

"పోయొస్త!"

"అగో, అన్నది! ఇగ తప్పకుండ వస్తది" అంది మోతీ కళ్లు తుడుచుకుంటూ. తండా అంతా నిశ్చింతగా ఇంటిదారి పట్టింది. ద్వాలి మాత్రం అక్కడే నిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. డాక్టరమ్మ పోతూ పోతూ తండా మొత్తానికి మందు మింగించి పోయిందని ఆమెకొక్కదానికే తెలుసు.