గాలిలో చెక్కిన నెమలి

"చాయ్ పెట్టు పో. గీడ మొగోళ్లు మాట్లాడుతున్నరు."

సంపత్ ఆ మాట అన్నప్పుడు నా చేతిలో చీపురు ఉంది, నోట్లో ఒక మాట ఉంది. మాటను మింగి, చీపురు గోడకు ఆనించి లోపలికి పోయాను. ఆ మాట చెప్పి ఉంటే నా మొగుడి పరువు ఆ పొద్దు దక్కేది.

సిరిసిల్లలో మా ఇంటి ముందు గదే తలుపుల దుకాణం. పొట్టు ఊడ్చేది నేను, పాలిష్ పట్టేది నేను, తలుపుల మీదికి నెమళ్లూ తీగలూ గీసిచ్చేది నేను. గిరాకీ రాగానే మాయమైపోవలసిందీ నేనే. మామ పోయాక మా సాంచెలు, అంటే మరమగ్గాలు, మూలపడ్డాయి. సంపత్ దుబాయ్ పోయి వడ్రంగం నేర్చుకొచ్చాడు. నేను గీసిన బొమ్మల్ని కరీంనగర్‌లో కంప్యూటర్ లెక్కతో నడిచే సీఎన్‌సీ మిషన్ మీద చెక్కించుకొచ్చేవాడు. ఒకరోజు ఎవరో "డిజైన్ ఎవరిది?" అని అడిగితే, ఖాళీ గ్లాసులు ఏరుతున్న నా ముందే "నాదే" అన్నాడు. ఆ "నాదే" నా కడుపులో పొయ్యిలా మండింది. ఆర్పుకోవాలని నేను అనుకోలేదు. మండుతున్న పొయ్యి మీద ఏదో ఒకటి వండుకోవాలనుకున్నాను.

అట్లాంటి మిషనే ఇంట్లో చేసుకోవచ్చని ఫోన్‌లో చూశాను. మధ్యాహ్నం సంపత్ సైట్ల మీదికి పోగానే వీడియోలు పెట్టుకుని కూర్చునేదాన్ని. చెప్పేవాళ్ల భాష రాకపోయినా వాళ్ల చేతులు అర్థమయ్యేవి. పాత సాంచె ఇనుము కోయించి చట్రం చేయించాను. అమ్మిన నా చెవికమ్మలు మోటార్లయ్యాయి. మొదటిసారి గుండ్రం గీయమంటే మిషన్ కోడిగుడ్డు గీసింది. సంపత్ పొట్ట పట్టుకుని నవ్వాడు. మా అత్త రామవ్వ అయితే వాడకట్టంతా చెప్పుకొచ్చింది. "కూరల ఉప్పెయ్య రాదు గని మిషన్ జేస్తదట!"

నేను నవ్వలేదు, ఏడవలేదు. మిషన్‌ను అడ్డం నడిపే మర కడ్డీకీ నిలువు నడిపే మర కడ్డీకీ చుట్లు వేరువేరని, రెంటికీ ఒకే లెక్క చెప్పానని కనిపెట్టడానికి చాలా మధ్యాహ్నాలు పట్టింది. గుడ్డు గుండ్రమైన రోజు ఆ గీతను వేలితో తడుముతూ కూర్చున్నాను. సంతోషం తరువాత వచ్చింది. ముందు వచ్చింది కసి.

మిషన్ పని చేయడం మొదలయ్యాక అది "మన మిషన్" అయింది, నెల తిరక్కముందే "నా మిషన్" అయింది. "దుబాయ్ల నేర్సిన కాకా, నేనే తయారు జేసిన" అని తలుపు చేయించుకోవడానికి వచ్చిన లక్ష్మీరాజం కాకకు చెప్పాడు. ఆయన కొత్త ఇంటి తలుపు చెక్కగానే మిషన్‌ను కరీంనగర్ తీసుకుపోయి దుకాణం పెడతాడట, నడపడానికి జీతగాణ్ణి పెట్టుకుంటాడట. "మరి నేను?" అంటే, "నువ్వేం జేస్తవ్ గాడ? ఇల్లు సూస్కో" అన్నాడు.

దర్వాజ నిలబెట్టేటప్పుడు పనిచేసినవాళ్లకు కొత్త బట్టలు పెట్టడం మా దగ్గరి ఆనవాయితీ. లక్ష్మీరాజం కాకకు మిషన్ చెక్కుతుంటే చూడాలని ముచ్చట, అందుకే భార్య శంకరవ్వనూ చుట్టాలనూ వెంటబెట్టుకుని, పళ్లెంలో ధోతీ తువ్వాలా పెట్టుకుని మా దుకాణానికే వచ్చాడు. ఆ పొద్దే నా నోట్లో ఆ మాట ఉంది.

చెక్క ఎక్కడ మొదలవుతుందో మిషన్‌కు తెలియదు, మనమే చెప్పాలి. చెక్క మీద కాగితం ముక్క పెట్టి, చెక్కే మొనను, అంటే బిట్టును, మెల్లమెల్లగా దించి, కాగితం లాగితే రానని మొండికేసినచోట ఆపాలి. అదే సున్నా. కరెంటు తీసేస్తే మిషన్ దాన్ని మర్చిపోతుంది. మళ్లీ పెట్టినప్పుడు బిట్టు ఎంత ఎత్తులో ఉంటే అక్కడే చెక్క ఉందనుకుంటుంది. స్విచ్చి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పినా, "రంపానికి లేని సోకు దీనికెందుకు?" అంటాడు సంపత్. ముందురోజు సాయంత్రం నేను సున్నా పెట్టి బిట్టును పైకి లేపి ఉంచాను. పొద్దున చూస్తే స్విచ్చి తీసేసి ఉంది. అదే చెప్పబోయాను. చాయ్ పెట్టమన్నాడు. సరే, పెట్టాను. అల్లం దంచి మరీ పెట్టాను.

ట్రేతో బయటికి వచ్చేసరికి మిషన్ జోరుగా నడుస్తోంది. బిట్టు టేకు పలకకు జానెడు పైన, ఉత్త గాలిలో, నా నెమలిని తోకతో సహా చెక్కుతోంది.

"ఏం సంపత్, కట్టెకు తాకుతనే లేదు?" అంది శంకరవ్వ.

"మొదలు గట్లనే తిరుగుతది చిన్నమ్మా."

నెమలి పూర్తయింది. పలక మీద గీత కూడా పడలేదు. "నీ నెమలి ఎగిరిపోయిందారా?" అన్నాడు లక్ష్మీరాజం కాక. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాకు చాలా హాయిగా ఉంది. సంపత్ చెమటలు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏమే, జర సూడు."

"ఏందీ? వినబడ్తలేదు."

"మిషన్... జర సూడుమంటున్న." ఈసారి అందరికీ వినిపించింది.

ట్రే అతని చేతుల్లో పెట్టాను. "చాయ్ నువ్వియ్యి."

క్యాలెండర్ కాగితం చింపి పలక మీద పెట్టి, బిట్టు దించాను. కాగితం బిగుసుకుంది. అక్కడ సున్నా పెట్టి నడిపించాను. టేకు పొట్టు లేచింది, నెమలి మెడ తేలింది. శంకరవ్వ నన్ను చూసింది, ట్రే పట్టుకుని నిలబడ్డ సంపత్‌ను చూసింది.

"గిది జేసింది నువ్వా బిడ్డా?"

"నేనే చిన్నమ్మా. గీ నెమలి నాదే."

ఆమె బొట్టు పెట్టి పళ్లెం నా ముందుకు చాపింది. రామవ్వ గుమ్మంలోంచే అరిచింది. "ఆడిదానికి ధోతి పెడ్తరా ఎవలన్న?"

"నాకు కాదత్తా, మిషన్‌కు" అన్నాను.

చెక్కుడు అయిపోయాక కొత్త ధోతి మడత విప్పి నా మిషన్ మీద కప్పాను. వాళ్లు పోయారు. గదినిండా పొట్టు. సంపత్ ఇంకా ట్రేతోనే నిలబడి ఉన్నాడు.

"కరీంనగర్ పోతే ఒక్కనివే పో. గిది రాదు" అని, గోడకు ఆనించిన చీపురు తెచ్చి ట్రేలో ఖాళీ గ్లాసుల మీద అడ్డంగా పెట్టాను. "పొట్టంత ఊడ్వు. పొద్దుగాల నాకు పనున్నది."